గుంజితే రాని కర్ర

మా కొట్టులో గద్దె వెనుక, గజం బద్దల పక్కన, ఒక గోల్ఫ్ కర్ర నిలబెట్టి ఉంటుంది. వరంగల్ బట్టల బజారులో గోల్ఫ్ కర్ర ఏంటని వచ్చినవాళ్లు అడుగుతారు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పి తప్పించుకుంటాను. అసలు సంగతి ఇది.

మా బాపు చేతికి హస్తవాసి ఉందని బజారులో పేరు. పెళ్లిబట్టలకు పరకాల నుంచి వచ్చేవాళ్లు థాన్లు ఎవరు విప్పి చూపించినా ఊరుకునేవాళ్లు గానీ, కత్తెర మాత్రం పెద్దసేటు చేతులమీదుగానే పడాలని పట్టుబట్టేవాళ్లు. "పెద్దసేటు కోస్తె ఆ ఇల్లు సల్లగుంటది" అని ఒక ముసలమ్మ మా గడపలోనే కూర్చుని వచ్చిపోయేవాళ్లకు చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సగం గర్వం, సగం కుళ్లు. ఇరవై ఏళ్లుగా అదే గద్దె మీద కూర్చుంటున్నా నా చేతిని ఎవరూ అడగలేదు మరి.

అడగకపోవడానికి కారణం లేకపోలేదు. బాపు కత్తెరను ఆడించడు. అంచు దగ్గర ఒక్క గాటు పెట్టి, మొనలు కొద్దిగా తెరిచి, అలాగే ముందుకు తోస్తాడు. సర్రుమని ఒకటే చప్పుడు, బట్ట రెండు ముక్కలు. నాకు నేర్పేటప్పుడు చెప్పింది కూడా ఒకటే ముక్క: "వేడి చాయ్ గిలాస పట్టినట్టు పట్టాలె రా. గట్టిగ పడితె కాలుతది, వదులు చేస్తె పడ్తది." నేను ఎప్పుడూ గట్టిగానే పట్టాను. నా కోతలు ఇప్పటికీ మెట్లుమెట్లుగానే వస్తాయి.

గోల్ఫ్ మా బతుకులోకి సుబేదారిలో ఉండే ఒక సారు వల్ల వచ్చింది. ఎక్కడెక్కడో పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరై వచ్చిన మనిషి, మా పాత గిరాకీ. మోకాళ్లు అరిగి మైదానం మానేసినా, బంతిని గుంటలోకి మెల్లగా నెట్టే కర్రను మాత్రం వదల్లేదు. దాన్ని పట్టర్ అంటారని చెప్పాడు. హాల్లో మన వరంగల్ జంపఖానా పరిచి, అవతలి చివర స్టీలు గ్లాసును పడుకోబెట్టి, ఆదివారం పొద్దున్నే ఆడుకునేవాడు. ఒకసారి బట్టలివ్వడానికి వెళ్లిన బాపు సరదాగా కర్ర అందుకుని, మొదటి దెబ్బకే బంతిని గ్లాసులో వేశాడు. ఇంకేముంది, ప్రతి ఆదివారం మా ఇద్దరి మకాం అక్కడే అయింది.

"పదిల నాలుగు చాలు సేటు" అనేవాడు సారు. పది అంటే గొంతు పిసికేంత బిగువు, ఒకటి అంటే కర్ర జారిపోయేంత వదులు. ఆ నాలుగు నిజంగా నాలుగో కాదో చూడటానికి ఆయనకొక పరీక్ష ఉండేది. బంతిని కొట్టబోతుండగా హఠాత్తుగా వంగి, కర్రను కింది నుంచి పట్టుకుని గుంజేవాడు. అది కాస్త మొరాయించి చేతిలోంచి జారి రావాలి. నా దగ్గర ప్రతిసారీ ఇరుక్కుపోయేది. బాపు చేతిలోంచి మాత్రం అడిగి తీసుకున్నట్టు వచ్చేది. "చూసి నేర్సుకో" అని సారు నన్ను ఆటపట్టించేవాడు. బాపు మీసాల్లో నవ్వుకునేవాడు.

మాఘమాసం పెళ్లిళ్లు మొదలవడానికి ముందు, ఒక ఆదివారం, సారు గుంజితే కర్ర రాలేదు.

మళ్లీ గుంజాడు. కర్రతోపాటు బాపు ఒక అడుగు ముందుకు వచ్చాడు. సారు పెద్దగా నవ్వి, "ఇడువు సేటు, కావాల్నంటె నీకే ఇస్త తియ్యి" అన్నాడు.

"ఇడిసిన గద" అన్నాడు బాపు.

ముందు ఆయన ముఖం చూశాను. వేళాకోళం కాదు. నిజంగా వదిలేశాననే అనుకుంటున్నాడు. తర్వాత చెయ్యి చూశాను. కుడిచేతి వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయి, కర్రను చుట్టుకుని అలాగే ఉన్నాయి. కాసేపటికి, వానకు ఉబ్బిన తలుపు తెరుచుకున్నట్టు, చిటికెనవేలు మొదలుకుని ఒక్కొక్కటే విడివడ్డాయి. సారు నవ్వు సగంలో ఆగిపోయింది. లోపలి నుంచి చాయ్ వచ్చింది. ముగ్గురం చాయ్ గురించే మాట్లాడుకున్నాం. ఆ కర్రను సారు తర్వాత నిజంగానే ఇచ్చేశాడు; మా గద్దె వెనుక ఉన్నది అదే.

తిరిగి వచ్చేటప్పుడు అలవాటు ప్రకారం బాపే స్కూటర్ నడిపాడు. వెనక కూర్చున్న నాకు దారి పొడుగునా ఏమీ కనిపించలేదు, యాక్సిలరేటర్ మీద ఆయన కుడిచెయ్యి తప్ప. రోజూ పొద్దున ఎనిమిదింటికి నా ఏడేళ్ల బిడ్డను అదే బండి మీద, ముందు నిలబెట్టుకుని, బడికి తీసుకుపోయేది బాపే.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. పెళ్లిళ్ల సీజను, పెద్దసేటు చెయ్యి పడిపోతోందని ఒక్కరికి తెలిస్తే చాలు, బజారంతా పాకుతుంది. మంచి చెయ్యి అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు అపశకునమని మా గడప దాటి పక్క కొట్టుకు పోతారు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నవి. అసలు నిజమేమిటంటే, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ మనిషికి "నీకు చేతకాదు" అని చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

కొట్టులో కత్తెర చప్పుడు మారింది. సర్రుమనేది పోయి కచక్, కచక్ అని ఆగి ఆగి వినిపించేది. నేను వీపు తిప్పుకుని ఉన్నా ఆ చప్పుడు నా చెవుల్లోనే పడేది. కోత వంకర పోయినా కుట్టేవాడు సరిచేసుకుంటాడులే అని ప్రతి బట్టకూ నాలుగు వేళ్లు ఎక్కువ కొలవడం మొదలుపెట్టాను. బాపు అది చూశాడు. పరకాల ముసలమ్మ మనవరాలి పెళ్లికి వచ్చిన రోజు, పట్టుబట్ట మధ్యలో కత్తెర ఆగిపోయింది. బాపు నేత చూస్తున్నట్టు వంగి, ఎడమచేత్తో తన కుడిచేతి వేళ్లను మెల్లగా విప్పుకున్నాడు. ముసలమ్మ ఆ చేతికే దండం పెట్టి మూట కట్టుకుంది.

ఇంట్లో అంతకంటే అధ్వానం. పొద్దున బండి సందు మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడేవాణ్ని. బాపు తిరిగొచ్చి తాళంచెవి మేకుకు తగిలించిన చప్పుడు వింటే గానీ నాకు చాయ్ గొంతు దిగేది కాదు. నా భార్య రెండుసార్లు అడిగింది, "ఏమైంది నీకు, గట్ల చూస్తానవ్?" అని. ఆమెకూ చెప్పలేదు. చెబితే ఆ రోజే బిడ్డను బండి దించేసేది, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఒక్కసారి మాత్రం ప్రయత్నం చేశాను. "చలి బాగ పెడ్తాంది బాపు, బిడ్డను నేను దింపి వస్త" అన్నాను.

బాపు బండి స్టాండు తీయబోతూ ఆగాడు. నా కళ్లలోకి సూటిగా చూశాడు. "ఎందుకురా? నాకేమైంది?"

ఆ గొంతులో నాకు కోపమే వినిపించింది. "ఏం లేదు, ఊరికె" అన్నాను.

తర్వాత మూడు వారాలకు, ఒక బుధవారం, తాళంచెవి చప్పుడు వినిపించలేదు. ఎనిమిదిన్నర అయింది, తొమ్మిది కావొచ్చింది. చెప్పులేసుకుని సందు చివరికి పరుగెత్తేసరికి ఇద్దరూ నడిచి వస్తున్నారు. బాపు ఎడమభుజానికి బిడ్డ బ్యాగు ఉంది. బండి లేదు. బిడ్డ కళ్లు ఏడ్చి ఉబ్బిపోయాయి.

"డాడీ, బండి మస్తు మొత్తుకున్నది" అంది అది, నా కాళ్లను చుట్టుకుని. "తాత ఆపు ఆపు అంటాండు, అది ఆగుతలేదు. గేటు కాడ పిల్లలున్నరు గద, ఆళ్ల దాంక పోయింది. తాత రెండు కాళ్లు కింద పెట్టిండు. మల్ల ఎడమ చెయ్యితోని తాళం తీసిండు."

ఎవరికీ ఏమీ కాలేదు. బాపు చెప్పు ఒకటి తెగింది, అంతే. అంతేనని నేను ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు ఆ సందులోనే బిడ్డ ముందు గొంతుక్కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బిడ్డను ఒళ్లంతా తడిమి తడిమి చూసుకున్నాను. బాపు మాత్రం ఇంట్లోకి పోయి, వేరే చెప్పులు వేసుకుని, ఆటోలో కొట్టుకు వెళ్లిపోయాడు.

నేను వెళ్లేసరికి ఊదుబత్తి వెలుగుతోంది. బాపు గద్దె మీద కూర్చుని కుడిచేత్తో కత్తెర పట్టుకున్నాడు. మూసిన మొనలను నా వైపు చాపాడు.

"గుంజు."

చల్లటి ఇనుమును పట్టుకుని గుంజాను. రాలేదు. కత్తెర వెంట ఆయన చెయ్యి మొత్తం సాగి వచ్చింది.

"ఎప్పటి సంది ఎర్క నీకు?"

"సారు ఇంట్ల... కర్ర గుంజిన నాటి సంది."

వేళ్లు ఒక్కొక్కటే విడివడ్డాయి. కత్తెర నా చేతిలోకి వచ్చింది. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. గడప బయట బోణీ బేరానికి వచ్చినవాళ్లు చెప్పులు విడుస్తున్నారు. అందుకేనేమో బాపు గొంతు తగ్గించాడు.

"చెయ్యి మాట వింటలేదని నాకూ అనుమానముండె రా. బిగుసుకున్నోనికి బిగుసుకున్నట్టు తెల్వది, చూసినోడే చెప్పాలె. గందుకే ఆనాడు నాకేమైంది అని నిన్నడిగిన. నువ్వు ఏం లేదన్నవ్. నువ్వు అన్నంకనే బిడ్డను ఎక్కించుకున్న."