సాంబ్రాణి వేసిన కానాగంతలు

మా ఇల్లు సింహాచలం కొండ కింద. మా ఆయన కరెంటు ఆటో కొన్నాక రోజూ తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, ఒక చేపలావిడ సరుకు ఎక్కించుకుని, దువ్వాడ బజారులో దింపి ఇంటికొచ్చేవారు. వెళ్లేటప్పుడు మాత్రం బండి ఖాళీ. స్వామి దయవల్ల దొరికిన బండి గాలిని మోసుకుంటూ ఊరు దాటుతుంటే నాకు మనసొప్పేది కాదు. ఖాళీగా తిరిగినా ఛార్జింగ్ అయిపోతుంది కదా.

నేను బడికి వెళ్లలేదు. అమ్మ ఇంట్లో నేర్పిన చదువే. అయినా ఒకరోజు మెలిక ముగ్గు వేస్తుంటే తోచింది. గీత మొదలైన చోటికే తిరిగి రావాలి, మధ్యలో చెయ్యి ఎత్తకూడదు. పక్క తోటలో బంతిపూలు పొగ కక్కే వ్యానులో పోతున్నాయి. హార్బర్‌లోనేమో దండ వెయ్యనిదే బోటు వేటకు కదలదు. ఆ దండలు నేను కట్టి మా ఆటోలోనే పంపితే? కొండ నుంచి పూలు, హార్బర్ నుంచి చేపలు. గీత ఎక్కడా తెగదు.

"ఏటే, సేపల బండిలో గంగమ్మకి పూలా?" అన్నారు మా ఆయన.

"కడిగి సాంబ్రాణి ఏస్తానండి."

వేశాను. సాయంత్రం పూట బండికి అటూ ఇటూ గోనెలు కట్టి, లోపల కుంపటి పెట్టి, దేవుడి గదికైనా వెయ్యనంత వేశాను. పూలకు నీసు వాసన అంటలేదు. స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

వారం తిరక్కుండానే ఒక పొద్దున్న ఆటో చేపలతోనే ఇంటికొచ్చింది. బుట్టల మధ్య చేపలావిడ కూర్చుని ఉంది.

"ఏటమ్మీ, నా సేపలకి పూజ సేసీసినావా?" అంది దిగకుండానే. "కుళ్లు కంపు తెలీకుండా సాంబ్రాణి యేసినానని దువ్వాడలో ఒక్కరూ కొన్లేదు. మజ్జానానికి అమ్మకపోతే పారబొయ్యాలి. రేపట్నించి నాను పొగ వ్యానుకే ఇచ్చేస్తాను."

ఆవిడ పోతే బండి హార్బర్ నుంచి ఖాళీగా రావాలి. నా ముగ్గు సగంలో ఆగిపోతుంది.

"నానొచ్చి సెప్తాను, పద అప్పా," అన్నాను చేపలావిడతో.

"నువ్వా? సేపని ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

ముట్టుకోలేదు. దువ్వాడలో బుట్ట ముందు కూర్చున్నాక ఆ సంగతి బాగా గుర్తొచ్చింది. ఒక పెద్దావిడ వచ్చి వంగి వాసన చూసి, ముక్కు మూసుకుని, "గుడికొచ్చినట్టుందే," అంది.

"సాంబ్రాణి బండికేసినామండి, సేపలకి కాదు. పొద్దున్న అందులో పూలు ఎల్తాయి," అన్నాను. ఆవిడ నమ్మలేదు. కొండ మీది అప్పన్నను తలుచుకుని ఒక కానాగంత చేప మొప్ప ఎత్తి చూపించాను. ఎర్రగా, తాజాగా ఉంది. చేప నన్నే చూస్తోంది. నేను కళ్లు మూసుకున్నాను.

"మీ ఇంట్లో ఎలా వండుతారు?" అంది ఆవిడ.

"మేం తినమండి."

చేపలావిడ నా నడుము మీద గిల్లింది. పెద్దావిడ మూసుకున్న నా కళ్లనీ, ఎత్తి పట్టుకున్న మొప్పనీ కాసేపు చూసి నవ్వేసింది. "తినని మనిసికి అబద్దమాడి ఏటొస్తాది? తూకమెయ్యి," అంది.

ఆవిడ వెనకే మరికొందరు వచ్చారు. మధ్యాహ్నానికి బుట్టలు ఖాళీ.

ఇప్పుడు సాంబ్రాణి మానేశాం. కుంకుడు రసంతో కడిగి బండిని ఎండలో పెడుతున్నాం. దండలు తడిగుడ్డలో చుట్టి పైన కడ్డీకి వేలాడదీస్తున్నాం. రోజూ హార్బర్‌లో చేపలావిడ బండిలో తల పెట్టి సాంబ్రాణి వాసన వస్తోందా అని చూస్తుందట. బండి ఇంటికొచ్చాక నేను తల పెట్టి నీసు వాసన వస్తోందా అని చూస్తాను. మా ఇద్దరికీ ఏ వాసనా తగలని రోజున దేవుడి ముందు ఇంకో దీపం పెడతాను. ఆవిడ పేరు మీద.