తలుపుకు తగిలించిన హెల్మెట్

ఓడరేవు యార్డులో ఆమెను అందరూ సుత్తక్క అంటారు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుందని కొందరు, దొరికినవాడికల్లా జాగ్రత్తలు చెప్పి సుత్తి కొడుతుందని ఇంకొందరు. రెండూ నిజమే. ఓడ నుంచి దిగిన ఖాళీ కంటైనర్లను, ఆ గదులంత ఇనప పెట్టెలను, తనిఖీ చేయడం ఆమె ఉద్యోగం.

ఓడలో కంటైనర్లను ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పైవాటి బరువంతా కింది పెట్టె నాలుగు మూలల స్తంభాల మీదే పడుతుంది. గోడలది ఉత్త పైపై హంగు. అందుకే ఆమె ముందు మూలలు చూస్తుంది. స్తంభానికి సొట్ట పడిందా, ఎవరెంత బతిమాలినా ఆ పెట్టెను పక్కన పెట్టేస్తుంది. తలుపు మీద బిగించిన రేకు చదువుతుంది. ఆ పెట్టె ఎంత బరువు మోయగలదో దాని మీదే ఉంటుంది. ఆఖరున లోపలికి వెళ్ళి, తలుపులు దగ్గరగా లాక్కుని, చీకట్లో నిలబడుతుంది. ఎక్కడైనా చుక్కంత వెలుగు కనిపిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టు. రేపు సముద్రపు నీళ్ళు ఆ దారినే సరుకు మీదికొస్తాయి.

లోపల ఉన్నంతసేపూ ఆమె హెల్మెట్ బయట తలుపు గడియకు వేలాడుతుంది. హెల్మెట్ ఉంటే మనిషి ఉన్నట్టు. ఎవరూ ఎక్కడా రాయకపోయినా ఆ యార్డులో అదే గుర్తు.

మరిది పనిచేసే యార్డు మూతపడితే, మేనేజరు కాళ్ళావేళ్ళా పడి అతన్ని ఇక్కడ చేర్పించింది ఆమే. కంటైనర్లను ఎత్తి పేర్చే బండి నడుపుతాడు. చేరి వారం కూడా కాలేదు.

ఆ రోజు ఆమె చీకట్లో చిల్లులు వెతుకుతుండగా బయట గడియలు పడ్డాయి. "ఎవరది? నేను లోపలున్నా!" అని అరిచింది. ఇంజను రొదలో ఆ అరుపు ఏపాటిది? కాళ్ళ కింద నేల కదిలి పైకి లేచింది. పై వరుసలో పెట్టేస్తే ఖాళీ పెట్టెను మళ్ళీ ఎప్పుడు దింపుతారో దేవుడికే తెలియాలి. సుత్తి తీసుకుని గోడను వాయించేసింది.

బండి ఆగింది. పెట్టె కిందికి దిగింది. తలుపు తీసింది మరిది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా పాత యార్డులో హెల్మెట్ తగిలించారంటే చెకింగ్ అయిపోయినట్టు వదినా. ఎత్తుకుపోవచ్చని గుర్తు."

"ఒక్కమాట అడిగి చావొచ్చుగా!"

"అడగాలని తట్టనే లేదు. ఆఫీసులో చెప్పకు వదినా. ఈ ఉద్యోగం చూసే పిల్లనిస్తామన్నారు."

ఆమెకు మనసు పీకింది. చెప్పకపోతే పోయేదేముంది, తను నిక్షేపంగా బతికే ఉంది. కానీ పాత యార్డు నుంచి వచ్చినవాడు ఇతనొక్కడే కాదు.

"చెప్పాల్సిందే. పద," అంది.

"ఇక నాకు వదిన లేదనుకుంటా," అంటూనే వెంట నడిచాడు.

మేనేజరు అంతా విని ముందు అతని దగ్గర బండి తాళాలు తీసుకున్నాడు. తర్వాత, ఈ సంగతి ఇంకా ఎవరికీ పొక్కకముందే, డ్రైవర్లందరినీ పిలిచాడు. ఆమె హెల్మెట్‌ను ఒక తలుపుకు తగిలించి, "ఇది కనిపిస్తే ఏం చేస్తారు?" అని అడిగాడు.

"ముట్టుకోం," అన్నారు యార్డులో పాతవాళ్ళు.

"ఎత్తేస్తాం సార్, చెకింగ్ అయిపోయిందిగా," అన్నారు వెనకనుంచి ముగ్గురు.

పెట్టెలో గాల్లోకి లేచినప్పటికన్నా ఆమెకు అప్పుడే ఎక్కువ భయమేసింది. పట్టుకోవడానికి ఏదైనా ఉందేమోనని చెయ్యి చాచింది. వెనకనుంచి ఎవరో స్టూలు జరిపారు.

"కూర్చో వదినా," అన్నాడు మరిది. మొహం మాత్రం ఆ ముగ్గురి వైపే ఉంది.