చలికొండ మీద ఎవరిస్తో తూటాలు

ముసలి ఎవరిస్తో చేసిన ఆఖరి పని కోళ్ళను అదిలించడం. పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలను నిమ్మరసం నీళ్ళలో కడిగి, చేటలో పోసి పెరట్లో ఎండబెట్టాడు. పొరుగింటి కోళ్ళు అవి గింజలనుకుని ఉరికొచ్చాయి. "పొడవండి, పొడవండి. రేపు మిమ్మల్ని వండుకున్నవాడికి పళ్ళు రాలతాయి" అని నవ్వాడు. కాఫీ తాగేసి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళాడు. మళ్ళీ లేవలేదు. సాయంత్రం కూతురు డెల్ఫీనా మందుల షాపు నుంచి వచ్చి చూసేసరికి చేటలో ఇత్తడి ఇంకా వెచ్చగానే ఉంది.

మియాగావ్ నుంచి ఇలోయిలో పట్నానికి జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి నడిపి నడిపి మోకాళ్ళు పట్టేశాక, ఎవరిస్తో షూటింగ్ క్లబ్బులో చేరాడు. మొదట పిస్టళ్ళు తుడిచేవాడు. తర్వాత తూటాలు నింపడం పట్టుబడింది. ఇక ఆ క్లబ్బులో మరొకరు నింపిన తూటా ఎవరికీ రుచించేది కాదు. "చెప్పులు కాలికి కొలిచి కొనుక్కుంటారు, తూటా మాత్రం ఎవరిదైనా సరేనా?" అని అందరినీ దెప్పేవాడు.

డెల్ఫీనావి చిన్న చేతులు. ఆమె పిస్టల్ పిడిని అరగదీసి సన్నం చేశాడు, లోపల మెత్తని స్ప్రింగు వేశాడు. దానికి తగ్గట్టే తూటాలో మందు కూడా తూచి పోశాడు. పరుగెడుతూ, మలుపులు తిరుగుతూ కాల్చే ఈ ఆటలో తూటా బరువుకూ వేగానికీ కలిపి ఒక లెక్క ఉంది. అది నూట డెబ్బైకి తగ్గితే తూటాను బలహీనమైనదిగా రాస్తారు. అప్పుడు గురి నడుమ తగలని ప్రతి దెబ్బకూ మార్కులు ఎక్కువ పోతాయి. అలాగని మందు దట్టిస్తే పిస్టల్ పైకెగిరి, రెండో గురి కుదిరేసరికి ఆలస్యమవుతుంది. ఎవరిస్తో ఆ గీత మీదికి కాస్త ఎక్కించి వదిలేసేవాడు. "ఇదేమైనా జీతమా తల్లీ, ఎక్కువైతే మంచిదనుకోడానికి?" అనేవాడు. ఆయన నింపిన తూటా ఏ పోటీలోనూ లెక్క తప్పలేదు.

జాతీయ పోటీ ఎత్తైన కొండ మీది బాగియో పట్నంలో. దాని కోసం నింపిన తూటాలు బిస్కట్ డబ్బాల్లో సిద్ధంగానే ఉన్నాయి. పోయినవాళ్ళ కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలూ ముగిశాక తల్లే, "వెళ్ళు. ఆయన చేసింది వాడకుండా ఉంచితే ఆయనకు నచ్చదు" అంది. డెల్ఫీనా చొక్కాకు సంతాపపు నల్ల పిన్ను పెట్టుకుని బయలుదేరింది.

కొండ మీద పొగమంచు, దేవదారు వాసన. క్లబ్బు పెద్ద రుఫో ఆమె చేతిలోని డబ్బా చూసి పెదవి విరిచాడు.

"ఇందాయ్ తల్లీ, కింద మన ఊరి ఎండలో నింపిన మందు ఈ చలికి బద్ధకిస్తుంది. క్రితంసారి నాకే లెక్క దిగిపోయింది. నా పెట్టె తీసుకో. దున్నపోతునైనా పడగొడుతుంది."

"ముందు నన్నే పడగొడుతుంది మానోంగ్" అంది, పెద్దన్నను పిలిచినట్టు.

"నువ్వు పడితే లేపుతాం. మీ నాన్న పేరు పడితే ఎవరు లేపుతారు? లెక్క తెచ్చి బోర్డు మీద అంటిస్తారు, దేశమంతా చూస్తుంది."

ఆమెకు భయమూ అదే. తండ్రి ఈ కొండ ఎక్కినవాడు కాదు. చలి అంటే ఆయనకు తెలిసిందల్లా వానాకాలపు జల్లు. రుఫో తూటాలు పెట్టుకుంటే ఆ మెత్తటి స్ప్రింగుకు పిస్టల్ అదిరిపోతుంది, నిజమే. కానీ తండ్రి ఆఖరి పనికి మచ్చ రాదు. రుఫో పెట్టె మూత తీసి, మళ్ళీ వేసింది. చివరికి నడుం పట్టీలోకి బిస్కట్ డబ్బా తూటాలే ఎక్కించింది.

పొద్దున్నే కొలత బల్ల దగ్గర, అధికారి ఆమె పట్టీలోంచి తనకు తోచిన తూటాలు ఏరుకున్నాడు. ఒకదాని గుండు ఊడబెరికి తూచాడు. ఆమె పిస్టల్‌తోనే ఒకటి పేల్చాడు. యంత్రం చూపిన వేగం తక్కువ. రుఫో వేళ్ళ మీద లెక్క కట్టి, "నూట అరవై తొమ్మిది" అని గొణిగాడు.

"నోరు మూయండి మానోంగ్."

"మూసుకున్నా. వేళ్ళు మూయను."

రెండోది మెరుగు. మూడోది ఇంకా మెరుగు. అధికారి మూడింటి సగటు తీసి, తలెత్తకుండానే చెప్పాడు.

"నూట డెబ్బై రెండు. బలమైన వర్గమే. తర్వాత ఎవరు?"

డెల్ఫీనా అక్కడే రాయి మీద కూలబడి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. రుఫో తొడ చరిచి, "ముసలాడు పైకెళ్ళి కూడా మన గుండెలతో ఆడుకుంటున్నాడు చూడు!" అన్నాడు. ఆ పోటీలో ఆమెకు పతకం రాలేదు. తిరిగొచ్చాక క్లబ్బులో ఎవరూ దాని ఊసెత్తలేదు. "ఎంత చూపించింది?" అనే అడిగారు. అడిగిన వాళ్ళందరికీ, అడగని వాళ్ళకు కూడా, నూట డెబ్బై రెండు అని చెప్పింది.

చేపలమ్మే ఇస్కా అక్కకు ఆమె స్ట్రాబెర్రీ జామ్ తెచ్చింది.

"ఏం పిల్లా, నా ఐసుపెట్టె కంటే చలిగా ఉందా అక్కడ?"

"అదేం పోలిక, మానాంగ్?"

"పోల్చింది మీ నాన్న. తూటాలు ప్లాస్టిక్ సంచిలో కట్టుకొచ్చి నా చేపల కింద దాచేవాడు. తెల్లారాక గుడ్డలో చుట్టుకుని, వేడెక్కేలోగా పేల్చాలంటూ కుంటుకుంటూనే క్లబ్బు మైదానానికి పరిగెత్తేవాడు. నీతో అనొద్దన్నాడు. చలి సంగతి మనసులో పడితే గురి మరిచిపోతావట."

డెల్ఫీనా ఐసుపెట్టె మూత ఎత్తి లోపలికి చూసింది.

"రెండుసార్లు మొహం వేలాడేసుకుని వచ్చాడు, వేగం చాల్లేదని. మళ్ళీ నింపాడు. మూడోసారి ఈలేసుకుంటూ వచ్చి, పెద్ద బంగుస్ చేప పట్టుకెళ్ళాడు. అన్నేళ్ళలో మీ నాన్న నా దగ్గర బేరమాడకుండా కొన్నది అదొక్కటే."