దీపాలార్పేవాడి కారణం

ఉత్తరాన మంచుదేశంలో, కయాని అనే ఊళ్లో కంప్యూటర్ ఆటలు తయారుచేసే మా చిన్న స్టూడియోలో కథలు రాసేది ఇంకెరి. అరవై దాటిన మనిషి. ఇక్కడికి రాకముందు రేడియోకి నాటకాలు రాసేది. పొద్దున్నే వచ్చి, బూట్లు గుమ్మం దగ్గర విడిచి, ఊలు మేజోళ్లతోనే వెళ్లి అందరికీ కాఫీ పెట్టేది. రెండో కప్పు అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎవరూ పలకరించేవాళ్లు కాదు కూడా.

ఆమె కల్పించిన విలన్ పేరు దీపాలార్పేవాడు. అంతరిక్షంలో పోయే ఒక పెద్ద ఓడ, అందులో గదికో దీపం. దీపం ఆరితే ఆ గదిలో గాలి కూడా ఆగిపోతుంది. వాడు ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ వస్తాడు. ముఖం కనిపించదు, మాట వినిపించదు, ఎందుకు చేస్తున్నాడో తెలియదు. ఆట ఆడేవాళ్లు వాడిని ఆపాలి. మొదటి ఆట బాగా నడిచింది. రెండో ఆటకు పెట్టుబడి పెడుతున్న స్టాక్‌హోమ్ వాళ్లు మాత్రం, ఈసారి వాడెవడో, వాడి బాధేమిటో చెప్పి తీరాలన్నారు.

ఇంకెరి ఒప్పుకోలేదు. స్టూడియో నడిపే ఆపెలి ఆమె కొడుకు వయసువాడు. గంటసేపు ఆమె వాదన విని, "నీ విలన్ నోరు కూడా దేవుడు నీకే ఇచ్చినట్టున్నాడు," అన్నాడు. తరువాత అసలు మాట చెప్పాడు. ఆమె రాయకపోతే ఇంకొకరి చేత రాయించమని ఉత్తరువు వచ్చిందట. "వాణ్ణి నీ చేతుల్లోంచి లాక్కోవడం నాకిష్టం లేదు ఇంకెరీ. ఆ రాసేదేదో నువ్వే రాయి."

ఆమె పట్టుదల ఎక్కడిదో నాకు తెలుసు. ఒకే ఒక్కసారి చెప్పింది. పువొలాంక దగ్గర పల్లెలో, ఆమె బడికి పోయే వయసులో, ఎవరో వాళ్ల పశువుల కొట్టానికి నిప్పు పెట్టారు. ఆవులన్నీ కాలిపోయాయి. చేసిందెవరో చివరికీ తేలలేదు. పరామర్శకు వచ్చినవాళ్లంతా తలో కారణం పట్టుకొచ్చారు. తాగుడన్నారు, గట్టు తగాదా అన్నారు, చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాడెవడో అన్నారు. ఇంకెరి అమ్మ వింటూ వాళ్ల కప్పుల్లో కాఫీ నింపేది. పాలు పితికే వేళకు మాత్రం ఖాళీ పెరట్లో నిలబడి ఆవుల్ని పేరుపేరునా పిలిచేది. దీపాలార్పేవాడికి కారణం కల్పించడమంటే, ఆ కాఫీ బల్ల దగ్గర తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చోవడమే ఇంకెరికి.

అయినా రాసింది. వాణ్ణి ఇంకొకరికి వదిలిపెట్టలేకపోయింది. ఆ కథలో వాడు చిన్నప్పుడు ఎవరో చలిలో వదిలేసిన పిల్లవాడు, దీపం వెలిగే ఏ గదిలోకీ ఎవరూ రానివ్వని పిల్లవాడు. చదివి ఆపెలి కళ్లు తుడుచుకున్నాడు.

ఆట బయటికి పోయేముందు ఊళ్లోవాళ్లను పిలిచి ఆడించడం మా పద్ధతి. తయారుచేసినవాళ్లం వెనక కూర్చుని చూడాలి. ఆడేవాళ్లు ఎక్కడ చిక్కుకున్నా నోరు విప్పకూడదు. ఆ రోజు హెల్వి వచ్చింది. బస్సు నడుపుతుంది, డ్యూటీ దిగాక ఆటలాడుతుంది. ఓ గుక్క తాగి, మా కాఫీ కంటే డిపో మిషన్‌లో వచ్చేదే నయమంది.

బాగానే ఆడింది. పిల్లవాడి కథ వచ్చినప్పుడు కదలకుండా చూసింది. కథ అయిపోగానే కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని యాలకుల బన్ను తుంచింది. తెర మీద దీపాలు ఒకటొకటిగా ఆరిపోతున్నాయి. ఆమె నములుతూ చూస్తోంది.

ఇంకెరి ఆగలేకపోయింది. పద్ధతి తప్పింది.

"దీపాలు ఆరిపోతున్నాయి కదా, ఆగిపోయావేం?"

"పాపం, వాడి కష్టం వాడిది," అంది హెల్వి. "సంగతి తెలిసిపోయిందిగా."

"మరి ఆ గదుల్లోవాళ్లు?"

"వాళ్లెవరో నాకేం తెలుసు? మీరు చెప్పింది వాడి గురించేగా."

మర్నాడు ఇంకెరి పిల్లవాడి కథంతా తీసేసింది. ఆపెలితో తన షరతు చెప్పింది. హెల్వినే ఇంకోసారి ఆడించాలి. అప్పుడూ ఆమె చేతులు ముడుచుకుని కూర్చుంటే, వాణ్ణి ఎవరికి ఇచ్చుకున్నా తను అడ్డు చెప్పదు. లేకపోతే, వాడికి ఏ కారణమూ ఉండదని స్టాక్‌హోమ్ వాళ్లకి ఆపెలే చెప్పాలి. ఆపెలి సరేనన్నాడు.

చలికాలమంతా గదులు రాసింది. ఒక గదిలో రొట్టెల పిండి కలుపుతూ తనలో తను గొణుక్కునే ముసలాయన. ఇంకో గదిలో పడుకోమంటే పడుకోని అక్కచెల్లెళ్లు. చివర, ఓడలో పాల కోసం పెంచే ఒకే ఒక్క ఆవు. దాని పేరు మాన్సిక్కి. దీపాలార్పేవాడి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

హెల్వి మళ్లీ వచ్చింది. ముసలాయన దగ్గర నిలబడి ఆయన గొణుగుడు మొత్తం విన్నది. ఆవు మెడ నిమిరింది. దీపాలు ఆరడం మొదలైంది. ఆమె పరుగెత్తింది. ముసలాయన్ని దాటించింది, పిల్లల్ని దాటించింది. చివర మాన్సిక్కి గదికి చేరేసరికి అక్కడి దీపం ఆరిపోయింది. కాఫీ ముట్టనేలేదు.

"అసలెవడు వీడు? ఎందుకిలా చేస్తున్నాడు?" అంది వెనక్కి తిరిగి.

ఆపెలి ఇంకెరి వైపు చూశాడు. ఇంకెరి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని పెదవి కదపకుండా కూర్చుంది.

ఎవరూ చెప్పరని హెల్వికి అర్థమైంది. తెర వైపు తిరిగింది.

"సరే, వాడి సంగతి తర్వాత," అని ఆటను మళ్లీ మొదటికి తెచ్చింది. "ఈసారి ముందు మాన్సిక్కి దగ్గరికి పోతాను."

ఆపెలి స్టాక్‌హోమ్‌కి ఫోన్ చేయడానికి లేచి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని బయటికి వెళ్లాడు.