మాస్టర్ నాయిన, మెత్తని వైపు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఎవరిని కదిపినా ఏదో ఒక కోర్సులో చేరి ఉండేవారు. నేను మాత్రం లైబ్రరీలో చేరాను. పగలు పంజాగుట్ట వైపు ఫోటో ప్రింట్ల దుకాణంలో పని, సాయంత్రం చదువు. ఇంక్‌జెట్ ప్రింటర్ల మీద అక్కడున్న ఒకే ఒక్క పుస్తకాన్ని రెండు వారాల్లో నమిలి మింగేశాను (మొదటి అధ్యాయం వదిలేశాను, అది కొత్తవాళ్ల కోసమట). ఇక పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్లను కూడా కాంట్రాస్టు గురించి చెప్పకుండా పంపేవాణ్ణి కాదు. "గిరాకీని జర ఊపిరి తీస్కోనియ్ భాయ్" అనేవాడు మా ఓనరన్న.

అలాంటి నా చేతికి పక్కసందు టైలర్ మాస్టర్ ఒక నలుపు తెలుపు ఫోటో ఇచ్చాడు. అగ్గిపెట్టెంత బొమ్మలో, మగ్గం ముందు కూర్చున్న ఆయన తండ్రి. ఆ మనిషి ఫోటో మిగిలింది అదొక్కటే. "రేపు పొద్దుగాల నా సొంత దుకాణం తెరుస్తున్న. నాయిన గోడ మీదుండాలె. పెద్దగ చేసియ్యి బిడ్డా." "నేనున్నాను కదండీ" అన్నాను.

స్కాన్ చేసి పెద్దది కొడితే, ప్రింటర్లోంచి బయటికొచ్చిన పెద్దాయన పొగమంచులో కూర్చున్నట్టున్నాడు. నల్లగా ఉండాల్సిన చోటల్లా బూడిద రంగు, ముఖానికి అడ్డంగా సన్నని తెల్లచారలు. పుస్తకంలో చెప్పినట్టు ప్రింటర్ హెడ్డు శుభ్రం చేశాను. కంప్యూటర్లో నలుపు పెంచాను. మీసం, పెదవి కలిసిపోయాయి కానీ పొగమంచు పోలేదు. "గిది ఫోటోనా, మసిగుడ్డనా?" అన్నాడు ఓనరన్న నా చెవిలో. ఆ సైజు కాగితం ఇక ఒక్కటే మిగిలింది. ధైర్యం కోసం, పక్కనే నిలబడి చూస్తున్న మాస్టర్‌కి సిరా చుక్కల సిద్ధాంతం వివరించడం మొదలుపెట్టాను. ఆయన వింటూనే, చెడిపోయిన ప్రింటును గుడ్డ చూసినట్టు రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దాడు.

"ఏమనుకోకు బిడ్డా. గీ కాగితానికి సుత గుడ్డ లెక్క సీదా, ఉల్టా ఉంటదా?"

"రెండువైపులా తెలుపేనండీ."

"తెలుపే. గీ దిక్కు మాత్రం పౌడర్ రాసినట్టు మెత్తగుంది. నువ్వు ఉల్టా మీద కొట్టినవ్."

(ఆ సంగతి మొదటి అధ్యాయంలోనే ఉందని మర్నాడు చూసుకున్నాను.)

మిగిలిన కాగితాన్ని మెత్తని వైపుకు తిప్పి పెట్టాను. చారల విషయంలో పుస్తకమే ఆదుకుంది: తొందరగా ముద్రించే పద్ధతి మాన్పించి, హెడ్డు ఒకే దిశలో నెమ్మదిగా గీసేలా మార్చాను. పావుగంట సేపు ముగ్గురం ప్రింటర్ మీదికి వంగి చూశాం. నలుపు నలుపుగా, మగ్గం మీది దారాలు పోగు పోగునా, గడ్డం మీద చిన్న గాటుతో సహా పెద్దాయన బయటికొచ్చాడు. మాస్టర్ చాలాసేపు చూశాడు. "పని చెడగొడితే మా నాయిన గిట్లనే చూస్తుండె" అని కళ్లు తుడుచుకుని, "ఎట్ల చేసినవ్ బిడ్డా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను తనంతట తాను అడిగిన మొదటి మనిషి ఆయనే. రెండు వారాల ఉపన్యాసం గొంతుదాకా వచ్చింది. ఓనరన్న భయంతో కళ్లు మూసుకున్నాడు.

"మీరు చెప్పినట్టే చేశానండీ" అన్నాను. ఆ ఒక్క ముక్కతో ఆగడానికి అప్పటి నాలోని కుర్రాడు ఎంత అవస్థపడ్డాడో తలుచుకుంటే, వాడి మీద ఇప్పటికీ కాస్త జాలి, కాస్త మురిపెం కలుగుతాయి.