నాయన వేసిన బీరపందిరి

డెబ్బైల చివర్లో, ఉదయగిరిలో మా పెరటి వెదురుపొద తీసేసి కూరగాయలు వెయ్యాలని నాయన పంతం పట్టాడు. నరికితే మళ్ళీ మొలిచింది. తగలబెడితే, వాన పడగానే మరింత ఏపుగా లేచింది. చివరికి గడ్డపారతో దుంపలన్నీ పెకలించి ఊరవతల పారేశాడు. పచ్చి బొంగులు మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు. వాటినే గుంజలుగా పాతి బీరపాదుకు పందిరి వేశాడు. బావినుంచి రోజూ నీళ్ళు మోసే ఖర్మ నాది.

బీరతీగ మాడిపోయింది. గుంజలు నాలుగూ చిగురించాయి!

నాయన గడ్డపార అందుకోబోతే వాళ్ళమ్మ, మా అవ్వ, ఆపింది.

"ఉండనీరా. మళ్ళా బీరపాదు పెడతావు గదా, పందిరికి గుంజలు కావాల."

నా చేతిలో బిందె వైపు చూసి, "ఏందే నిలబడినావు? నీళ్ళు పొయ్యి" అంది.