గోడమీద నెయ్యి మరక

మా ఎదురింటి అక్క పోయింది. తన పిండి గిర్నిలో ఎవరినో తిడుతూ తిడుతూనే పిండి బస్తా మీద ఒరిగిపోయిందని ఆమె కొడుకు వచ్చి చెప్పాడు. బోయిగూడలో మా సందంతా ఆ నోటికి హడలిపోయేది. ఆ నోరు మూతపడిందంటే నమ్మలేక, గిర్ని ముందు చాలాసేపు నిలబడ్డాను.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయికి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. కంపెనీ క్యాబు సందు మొదట్లో హారన్ కొడితే నా ఛాతీ ఉప్పొంగేది. విజయనగరం నుంచి మూటాముల్లె పట్టుకొచ్చినవాళ్లం, ఆ సంబరం మీకెలా చెప్పను! అప్పుడే డాక్టరు నా రక్తపరీక్ష చూసి, షుగరుకు తోడు కొలెస్ట్రాల్ కూడా బాగా పెరిగింది, గుండెకు ముప్పు అన్నాడు. నేను మంచాన పడితే ఉద్యోగం మానేసి నా దగ్గరే కూర్చుంటానంది అమ్మాయి. అంతపనీ చేసే పిల్ల.

సంగతి తెలిసి అక్క అవిసె గింజలు వేయించి, గిర్నిలో పట్టి, డబ్బాడు పొడి తెచ్చి నా ముందు దభీమని పెట్టింది.

"రోజూ తిను తమ్మీ. డాక్టర్ మాత్రలు బంద్ చేసినవో, కాళ్లు ఇరగ్గొడ్త."

తిన్నాను. మావైపు పొడి ఎలా తింటారో అలాగే తిన్నాను. పొగలు కక్కే తెల్లన్నం గుట్టగా పెట్టి, మధ్యలో గుంట చేసి, గరిటెడు నెయ్యి వంచి! మందు కదా అని మారు కూడా వడ్డించుకునేవాణ్ణి. మళ్లీ పరీక్ష చేయిస్తే రెండూ ఇంకా పెరిగాయి.

ఆ ఆదివారం నేను భోజనం చేస్తుంటే అక్క తలుపు తన్నుకుని వచ్చింది.

"ఏందిర ఇది?"

"నువ్విచ్చిన పొడే అక్కా! నెయ్యి లేకపోతే పొడేటి దిగుతాది?"

నెయ్యి సీసా ఎత్తి గోడకేసి కొట్టింది. పెంకులు గదంతా ఎగిరాయి. మా ఆవిడ కెవ్వుమంది. అన్నాన్ని తన్నకూడదంటారు, అక్క తన్నింది. నా కాలరు పట్టుకుని ఊపేసింది.

"నా మొగుడు సుత గిట్లనే నవ్వుకుంట తిన్నడు! షుగరుతోని ముందు కాలు కోసిన్రు. ఎన్కసిరి గుండె ఆగింది. నోరు నీదే. గుండె నీ బిడ్డది!"

ఆమె అరచేతిలో పెంకు దిగి, రక్తం నా చొక్కా మీద కారుతోంది.

"అక్కా, చెయ్యి..." అంది మా ఆవిడ.

"నాది మానుతది. ఈ షుగరోనికైతే మానదు."

ఆ తర్వాత నా కంచంలో కొర్రన్నం కొంచెం, కూర ఎక్కువ, మజ్జిగలో చెంచాడు పొడి. నెయ్యి ఊసే లేదు. బన్సీలాల్‌పేటలో మిర్చిబజ్జీ బండి దగ్గర దొరికితే నా చెంప ఛెళ్లుమనిపించింది. బండివాడు భయపడి పొయ్యి ఆర్పేశాడు! మెల్లమెల్లగా కొలెస్ట్రాల్ దిగింది. పరుగున వెళ్లి చెబితే, "ఇంక జెర తగ్గాలె" అని గిర్ని షురూ చేసింది. ఆ మోతలో మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

అమ్మాయి ఉద్యోగం మానలేదు. పెళ్లయింది, పాప పుట్టింది. ఆ రోజు నా చేతిలో స్వీటు డబ్బా చూసి, "పంచు. తినకు" అని ఉరిమింది అక్క.

ఎన్నిసార్లు సున్నం వేయించినా ఆ గోడమీద నెయ్యి మరక పైకి తేలుతూనే ఉంటుంది. ఈ మధ్యే మా మనవరాలికి అడుగులొచ్చాయండీ! నిన్న సాయంత్రం ఎదురుగా గిర్ని మూగగా ఉంటే, పాప గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ ఆ మరక దగ్గరకొచ్చి ఆగింది. చిన్న అరచేయి దానికి ఆనించి, పడకుండా నిలదొక్కుకుని, నావైపు తిరిగి నవ్వింది.